ఊరికే వచ్చిన సలహాకి మా మావయ్య కట్టిన ఖరీదు

సంతలో తూకానికి డబ్బులు అడిగిన సావుకారుని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు. మా అమ్మ చింతపండు బుట్ట దింపితే వాడే కాటా పెడతాడు, వాడే రాళ్ళు వేస్తాడు, లెక్క కూడా వాడే చెప్తాడు. తూకం ఊరికే. ఒక్కోసారి టీ కూడా ఊరికే ఇప్పిస్తాడు. మరి వాడి మేడ ఎలా లేచింది? ఆ ఊరికే తూచిన తూకంలోంచే లేచింది. ఈ సంగతి మన తాతలకి తెలుసు, మనకీ తెలుసు. 1956లో జీసీసీ పెట్టాల్సి వచ్చింది కూడా ఈ సావుకార్ల దోపిడీ వల్లే.

ఇంత తెలిసిన మనం బ్యాంకులోకి అడుగు పెట్టగానే అంతా మర్చిపోతున్నాం. అక్కడ కాటా కనపడదు. ఏసీ ఉంటుంది, కుర్చీ వేస్తారు, "మేష్టారూ, రండి రండి" అంటారు. సలహా ఊరికే ఇస్తారు. రిటైరైన మన ఉద్యోగుల డబ్బు ఎటు పోతోందో ఈ నాలుగేళ్ళలో దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. మొదట చూసింది మా ఇంట్లోనే.

మా మావయ్య ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఏళ్ళు పైగా పాఠాలు చెప్పి 2021లో రిటైరయ్యాడు. పాత పెన్షన్ వాళ్ళలో ఉన్నాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ అన్నీ కలిపి ముప్పై అయిదు లక్షల దాకా ఒక్కసారే ఖాతాలో పడ్డాయి. మా ఇంటి చరిత్రలో అంత డబ్బు ఎవరూ చూడలేదు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని వచ్చి ఆ అంకెని మా అత్తయ్యకి వేలు పెట్టి చూపించాడు. నాకింకా గుర్తుంది.

వారం తిరగకుండానే బ్యాంకు నుంచి ఫోన్. వెంట వరసకి నాకు అన్నయ్యే, మా పక్క ఊరివాడు, పాలసీలు కట్టిస్తాడు. "డిపాజిట్‌లో వేస్తే వడ్డీ మీద టాక్స్ పోతుంది మేష్టారూ, ఇందులో అయిదు లక్షలు వేయండి, పదేళ్ళకి డబుల్ అవుతుంది, లైఫ్ కవర్ ఊరికే" అన్నారు. మావయ్య నన్ను పిలిచాడు. "అల్లుడా, నువ్వు డిగ్రీ చదివావు కదా, ఆ ఇంగ్లీషు ఫారం నింపు" అన్నాడు. నింపాను. అదీ నా పాత్ర. ప్రీమియం కట్టాల్సిన కాలం దగ్గర "10" అని ముందే అచ్చు వేసి ఉంది. అది చూశాను కూడా. పదేళ్ళ పాలసీ అనుకున్నాను. పదేళ్ళ పాటు ప్రతి ఏడాదీ అయిదు లక్షలు కట్టాలని నాకు తట్టలేదు.

మరుసటి ఏడాది నోటీసు వచ్చింది: ఇంకో అయిదు లక్షలు. కట్టకపోతే మొదటిది కూడా పోతుందన్నారు. భయపడి కట్టాడు. మూడో ఏడాది ఇక చేతులెత్తేసి సరెండర్ చేస్తే, అప్పటి రూల్ ప్రకారం కట్టిన పది లక్షలకి మూడున్నర లక్షలు తిరిగొచ్చాయి. అంటే ఆరున్నర లక్షలు పోయాయి. ఒక మేష్టారి గ్రాట్యుటీలో సగం అది.

ఇది బయట పెట్టమని మావయ్యే అన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. బీమా పాలసీ అమ్మినవాళ్ళకి కమిషన్ మన ప్రీమియంలోంచే వెళ్తుంది. చాలా కాలం ఉన్న రూల్ ప్రకారం ఎక్కువ ఏళ్ళు కట్టే పాలసీల్లో మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా, తర్వాత రెండేళ్ళు 7.5 శాతం దాకా, ఆపైన 5 శాతం దాకా ఇవ్వొచ్చు. తక్కువ ఏళ్ళు కట్టేవాటికి తక్కువ. 2023లో ఆ విడివిడి పరిమితులు తీసేసి, మొత్తం ఖర్చుల మీద ఒక పరిమితి పెట్టి, మిగతాది కంపెనీల బోర్డులకే వదిలేశారు. మావయ్య పాలసీలో ఎంత వెళ్ళిందో మాకెవరూ చెప్పలేదు. ఇరవై శాతమే అనుకోండి, అయిదు లక్షల మీద లక్ష రూపాయలు. మొదటి ఏడాదికే. "ఊరికే" ఇచ్చిన అరగంట సలహా రేటు అది.

మా అన్నయ్య చెడ్డవాడని నేను అనను. మూడేళ్ళు డీఎస్సీకి చదివి, రాక, ఇంటికొచ్చినవాడు. ఏజెన్సీలో స్థానిక గిరిజనులకే టీచర్ పోస్టులన్నీ ఇచ్చే జీవో నెం. 3ని సుప్రీం కోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేశాక మనలో ఎంతమంది దారులు మూసుకుపోయాయో మీకు చెప్పక్కర్లేదు. టార్గెట్ ఇచ్చినవాళ్ళు పైన ఎక్కడో ఉంటారు. నన్ను కూడా రమ్మన్నారు. "నీకు సంఘంలో పేరుంది, వందమంది నీ మాట వింటారు" అన్నారు. ఒక మీటింగ్‌కి వెళ్ళాను కూడా, భోజనం బాగా పెట్టారు. నా మాట వినే ఆ వందమంది మీదే వాళ్ళ కన్ను అని అర్థమయ్యాక మళ్ళీ వెళ్ళలేదు. మనవాళ్ళ దగ్గరికి మనవాళ్ళనే పంపిస్తారు. అందుకే మోసపోయాక కూడా గొడవ పెట్టుకోలేం. బీమా లోక్‌పాల్ ఆఫీసు హైదరాబాదులో ఉంది, ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు అని చెప్తే మావయ్య "ఆడు రేపు మన ఇంటి పెళ్ళికి రావాలి కదరా" అన్నాడు. ఫిర్యాదు పెట్టలేదు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

సరే, ఊరికే ఇచ్చే సలహా ఇలాంటిదైతే డబ్బు తీసుకునే సలహా ఎలా ఉంటుంది? ఇది మనలో చాలామంది వినని మాట. రిటైర్మెంట్ డబ్బు ఎలా పెట్టుకోవాలో చెప్పి, మన దగ్గరే ఫీజు తీసుకునేవాళ్ళు ఉన్నారు. సెబీ 2013లో వీళ్ళకి రూల్స్ పెట్టింది. రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అంటారు. రిజిస్ట్రేషన్ నంబర్ "ఐఎన్ఏ" అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది, సెబీ సైట్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. సలహా ఫీజు తీసుకున్న మనిషి దగ్గరే కమిషన్ సరుకు అమ్మకూడదు. ఫీజుకి పైకప్పు కూడా ఉంది: నికరంగా తీసుకుంటే ఒక కుటుంబానికి ఏడాదికి 1,51,000 రూపాయలు, శాతం లెక్కన అయితే 2.5 శాతం. ఇది పైకప్పు మాత్రమే. ఒక్కసారి కూర్చుని ప్లాన్ రాసిచ్చేందుకు పదో ఇరవయ్యో వేలు అడిగేవాళ్ళు ఉంటారు. కానీ దేశం మొత్తం మీద ఇలాంటివాళ్ళు వెయ్యి మంది అటూ ఇటూగా ఉన్నారు, అది కూడా పెద్ద నగరాల్లోనే ఎక్కువ. మన సంత దాకా వచ్చేవాడు ఒక్కడూ లేడు.

పోయిన ఏడాది వానల్లో అలాంటి ఒకావిడతో మావయ్యని ఫోన్‌లో మాట్లాడించాను. ఫీజు పన్నెండు వేలు. ఒప్పించడానికి నెల పట్టింది. "పన్నెండు వేలా? ఒట్టి మాటలకా?" అని అడిగాడు. ఆరున్నర లక్షలు పోగొట్టుకున్న మనిషే అడిగాడు ఆ మాట. ఎందుకంటే ఆ ఆరున్నర లక్షలు చేత్తో తీసి ఇవ్వలేదు కదా, కాగితంలోనే మాయమయ్యాయి. పన్నెండు వేలు మాత్రం తనే ఫోన్ నొక్కి పంపాలి. నొప్పి అంతా అక్కడే ఉంది.

సిగ్నల్ కోసం గుట్ట మీద స్కూల్ వరండాలో కూర్చున్నాం. గంటన్నర మాట్లాడింది. మొదటి అరగంట డబ్బు ఎక్కడ పెట్టాలో ఒక్క మాట చెప్పలేదు. పెన్షన్ కాగితాల్లో అత్తయ్య పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయి, ఆధార్‌లో ఎలా ఉన్నాయి అని అడిగింది. తీసి చూస్తే రెండూ వేరు. ఆధార్‌లో జనవరి 1. మన ఊళ్ళో సగం మంది జనవరి 1న పుట్టినవాళ్ళే కదా! "రేపు మీకేమైనా అయితే ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ రావడానికి ఎంత తిరగాలో తెలుసా, ముందు ఇది దిద్దించండి" అంది. మావయ్య మొహం మారిపోయింది. ఆ ఒక్క మాటకే పన్నెండు వేలు చెల్లిపోయాయని ఇప్పుడంటాడు.

తర్వాత మిగిలిన డబ్బు లెక్క. పన్నెండు లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేయమంది. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 24,600 రూపాయలు చేతికొస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి ఆ స్కీమ్‌లో ఒక మనిషి 30 లక్షల దాకా వేయొచ్చు, అంతకుముందు 15 లక్షలే. మూడు లక్షలు ఆసుపత్రి ఖర్చులకని విడిగా ఎఫ్‌డీ. ఈ వయసులో, మీద ఆధారపడ్డ చిన్న పిల్లలు లేనప్పుడు, కొత్త జీవిత బీమా ఏదీ వద్దు. మేనల్లుడి ట్రాక్టర్ అప్పుకి జామీను సంతకం పెట్టొద్దు. ఆ మేనల్లుడు నేను కాదు, మా పిన్ని కొడుకు.

ఈ చివరిది మాత్రం మావయ్య వినలేదు. వెళ్ళి పెట్టేశాడు. "ఆవిడకేం, ఫోన్ పెట్టేసి పోతుంది. నేను ఈ ఊళ్ళో బతకాలి" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. ఇక్కడ ఫీజు తీసుకున్నవాళ్ళ సలహాలో లోపం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఒకరకం ఏజెంట్‌నే అవుతాను. ఆవిడ రాసిచ్చిన ప్లాన్‌లో మావయ్యకున్న ఎకరంన్నర కాఫీ తోటని ఆస్తి కింద చూపించి, డెబ్భై అయిదేళ్ళు దాటాక అవసరమైతే అమ్మొచ్చు అని రాసింది. ఆ భూమి అటవీ హక్కుల పట్టా భూమి. 2006 చట్టం ప్రకారం వారసులకి వస్తుంది, అమ్మడానికి లేదు. మామూలు పట్టా భూమి అయినా ఏజెన్సీలో 1/70 ఉంది, గిరిజనేతరుడికి అమ్మకూడదు. కాబట్టి మన భూమికి పట్నం లెక్కల్లో ధర కట్టలేం, కట్టకూడదు కూడా. ఫారంలో "మీ మీద ఆధారపడినవారు" అని రెండు గీతలుంటాయి. మావయ్య ఏడుగురి పేర్లు చెప్పాడు. అందులో ఇద్దరు చనిపోయిన తమ్ముడి పిల్లలు. మళ్ళీ ఫోన్ చేసి ఇదంతా చెప్తే ఆవిడ తప్పు ఒప్పుకుని ప్లాన్ మార్చి పంపింది, డబ్బు అడగలేదు. కానీ ఇంకోచోట ఇలా తిరిగి అడిగేవాడు పక్కన లేకపోతే?

శాతం లెక్కన తీసుకునే ఫీజు గురించి నా అభిప్రాయం వేరే. ముప్పై అయిదు లక్షల మీద ఏడాదికి ఒక శాతం అంటే 35,000. మన డబ్బు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో కదలకుండా ఉన్నా ప్రతి ఏడాదీ అది కట్టాలంటే ఎందుకు? ఇరవై ఏళ్ళకి ఏడు లక్షలు. మన స్థాయి ఉద్యోగికి జీవితంలో రెండుసార్లు డబ్బిచ్చి సలహా తీసుకుంటే సరిపోతుంది: ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకసారి, రిటైరయ్యే ఏడాది ఒకసారి. మధ్యలో ఇంట్లో పెద్ద మార్పు వస్తే ఇంకోసారి.

చేరిన ఏడాది ఎందుకంటే, మొన్న మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన మా చెల్లికి మొదటి జీతం పడక ముందే రెండు పాలసీలు తయారు. మూడో నెలకి మూడు. నెలకి తొమ్మిది వేలు. "రిటైర్మెంట్ ప్లాన్ అన్నయ్యా" అంటుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళందరూ సీపీఎస్‌లో ఉన్నారు, జీతంలోంచి పది శాతం, ప్రభుత్వం పది శాతం అందులోకి వెళ్తుంది. అక్కడ ఆ డబ్బుని చూసే ఫండ్ మేనేజర్ తీసుకునేది లక్షకి ఏడాదికి వంద రూపాయలు కూడా ఉండదు. సీపీఎస్ మీద మన సంఘాలకి ఉన్న గొడవ వేరు, పెన్షన్‌కి హామీ లేదన్న ఆ గొడవ న్యాయమైందే. కానీ ఖర్చు మాట వస్తే అంత చవగ్గా నడిచేది ఇంకోటి నాకు కనపడలేదు.

ఒక శాతం ఎంత పని చేస్తుందో కూడా చూడండి. నెలకి అయిదు వేలు ముప్పై ఏళ్ళు వేస్తే, పది శాతం చొప్పున పెరిగితే కోటీ పదమూడు లక్షలు. ఖర్చుల కింద ఒక శాతం కోసి తొమ్మిది శాతమే వస్తే తొంభై ఒకటిన్నర లక్షలు. ఇరవై లక్షలు పైన తేడా. పది శాతం వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు, ఎవరైనా హామీ ఇస్తే అక్కణ్ణుంచి లేచి రండి. కోత ఎంత పెద్దదో చూపించడానికే ఈ లెక్క. మ్యూచువల్ ఫండ్స్‌లో 2013 జనవరి నుంచి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి. పదమూడేళ్ళుగా ఉన్నా మా మండలంలో నేనడిగిన టీచర్లలో ఒక్కరికీ తెలియదు. తెలిపేవాడికి రూపాయి రాదు కదా.

కొత్తగా చేరినవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్కటి చేయండి. పాలసీ కాగితం మీ చేతికొచ్చి 30 రోజులు దాటలేదంటే వెనక్కి ఇచ్చేయొచ్చు, చిన్న ఖర్చులు పోను డబ్బు తిరిగొస్తుంది. దాటితే 2024 అక్టోబరు తర్వాత రూల్స్ కొంత మెరుగయ్యాయి, ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినవాళ్ళకి కూడా సరెండర్ విలువ ఉంది. మా చెల్లి ఒకటి వెనక్కి ఇచ్చింది, రెండోది ఆలోచిస్తోంది. మూడోది వాళ్ళ హెడ్‌మాస్టర్ గారి భార్య కట్టించింది, దాని జోలికి వెళ్ళనంటోంది.

"ఆదివాసీకి రిటైర్మెంట్ ఏంట్రా, చచ్చేదాకా కొండే కదా" అని మన పెద్దలు అంటారు. కొండ ఉన్నంతవరకు ఆ మాట సరైందే. కొండ పోయినవాళ్ళ సంగతి చూడండి. గోదావరి పక్కన పోలవరం ముంపులో ఉన్న కోయ, కొండరెడ్డి కుటుంబాలకి భూమి బదులు, అడవి బదులు, ఒక్కసారి ఖాతాలో డబ్బు వేశారు. గిరిజన కుటుంబానికి పునరావాస ప్యాకేజీ 6,86,000 రూపాయలు. యాభై ఏళ్ళు దాటినవాడికి అది రిటైర్మెంట్ డబ్బు కాక ఇంకేమిటి? ఊరు ఖాళీ చేయించడానికి ఆఫీసర్లు ఎన్నిసార్లయినా వస్తారు. ఆ డబ్బుతో ముసలితనం ఎలా గడపాలో చెప్పడానికి ప్రభుత్వం ఒక మనిషికి జీతమిచ్చి పంపాలి. నిర్వాసితుల హక్కుల్లో ఇది కూడా ఉండాలని నా వాదన.

ఉద్యోగం లేని, పెన్షన్ లేని మన జనానికి అటల్ పెన్షన్ ఉంది. పద్దెనిమిదేళ్ళకి చేరితే నెలకి 210 రూపాయలు కడితే అరవై తర్వాత నెలకి అయిదు వేలు. నలభై దాటితే చేర్చుకోరు. దీనికి సలహాదారు అక్కర్లేదు, బ్యాంకులో అడిగితే చాలు. కాకపోతే ధరలు ఏడాదికి అయిదు శాతం పెరిగితే ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ అయిదు వేలు ఇవాళ్టి తొమ్మిది వందలతో సమానం. చేరండి, దాని మీదే ఆధారపడొద్దు.

మిగతావాళ్ళకి, ముఖ్యంగా మన ఉపాధ్యాయ సంఘాల అన్నలకి, నేను అడిగేది చిన్నదే. ఏటా మన మండలాల్లో రిటైరయ్యేవాళ్ళ లిస్టు మీ దగ్గర ఉంటుంది. ముప్పై మంది తలా రెండు వేలు వేసుకుంటే అరవై వేలు. ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారుని రెండు రోజులు పాడేరు రప్పించొచ్చు. పక్కన 1/70 తెలిసిన మన లాయర్‌ని ఒకరిని, సర్వీసు కాగితాలు తెలిసిన రిటైర్డ్ గుమస్తాని ఒకరిని కూర్చోబెట్టండి. సన్మాన సభలో శాలువాలకి, దండలకి అంతకన్నా ఎక్కువే పెడుతున్నాం. ఐటీడీఏ ఆ ఖర్చు పెట్టుకుంటే ఇంకా మంచిది, వినతిపత్రం రాసి ఉంచాను, సంతకాలు కావాలి.

వచ్చే నెలాఖరుకి మా మండలంలో ముగ్గురు రిటైరవుతున్నారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాలి. మావయ్య కూడా వస్తానంటున్నాడు, పాస్‌బుక్కు, ఆ సరెండర్ కాగితం పట్టుకుని. బ్యాంకు వాళ్ళు ఇప్పటికే ఫోన్లు చేస్తున్నారట.